తనిఖీ నాటికి ఇంట్లో లేని విద్యార్థిని

భారతదేశంలో విద్యార్థికీ పాడి బర్రెకూ తేడా ఉన్నదని రుజువు చేసే కాగితం ఏ బ్యాంకు దగ్గరా లేదు. ఉన్నదని మీరు నమ్ముతారు, నేనూ నమ్ముతాను. అది మన సొంత నమ్మకం. బ్యాంకులు సొంత నమ్మకాల మీద అప్పులు ఇవ్వవు.

ఈ సంగతిని కనిపెట్టిన గౌరవం అడవంచు గ్రామీణ బ్యాంకు, నల్లచెలక శాఖకు దక్కింది. నల్లచెలక ఎక్కడని అడిగేవాళ్ళ కోసం చెబుతున్నాను. ఇల్లందులో బస్సెక్కి, అడవి మొదలైంది కదా, చూద్దామని మీరు కిటికీలోంచి తల బయటపెట్టేసరికి కండక్టరు దింపేసే ఊరు అది. రోడ్డుకు ఒక పక్క గని పనివాళ్ళ బస్తీ, ఇంకో పక్క తండా, మధ్యలో బ్యాంకు. బ్యాంకుకు ఎదురుగా ఉన్న జిరాక్సు దుకాణం నాది. నేను ఒక దినపత్రికకు విలేకరిని కూడా. (రెండింట్లో జిరాక్సుకే డబ్బులొస్తాయి.) ఇప్పుడు చెప్పబోయేదంతా నా దుకాణం మీదుగా, రెండేసి కాపీల చొప్పున జరిగింది.

రెండు వేల నాలుగు వేసవిలో ఆ శాఖకు పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి శాఖా కనీసం ఒక విద్యా రుణం ఇచ్చి తీరాలట. ఇవ్వని మేనేజర్ను భద్రాచలం అవతల, వానాకాలంలో వాగు ఈది పోవాల్సిన శాఖకు బదిలీ చేస్తారట. మేనేజర్ కుమారస్వామి గారికి ఈత రాదు. మనిషి మంచివాడు. వరంగల్ నుంచి వచ్చి ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండిపోయి బర్రెలకు, గొర్రెలకు, ఆయిల్ ఇంజన్లకు అప్పులిచ్చాడు. చదివే మనిషికి అప్పు ఎట్లా ఇస్తారో ఆయనకు తెలియదు. విద్యా రుణం ఫారాలు పంపమని పై ఆఫీసుకు ఫోన్ చేస్తే, "ఉన్న ఫారాలనే తగిన మార్పులతో వాడుకోండి" అన్నారు.

ఉన్న ఫారాల్లో గొర్రెలది మరీ పొట్టిగా ఉంది. ఆయిల్ ఇంజన్‌ది హార్స్‌పవర్ అడుగుతోంది. చివరికి పాడి పశువుల ఫారం ఖాయమైంది. అందులో 'పాడి పశువు' అని ఉన్నచోటల్లా ఎర్రపెన్నుతో కొట్టేసి 'విద్యార్థి' అని రాశారు. రెండో పేజీ సగంలో ఎర్రపెన్ను అయిపోయింది. మిగతా పేజీలను ఉన్నవి ఉన్నట్టే ఉంచేశారు.

ఆ ఫారం నింపిన మొదటి విద్యార్థిని బ్లెస్సీ.

బ్లెస్సీ తండ్రి బెంజమిన్ రైలు పెట్టెలకు బొగ్గు నింపే సైడింగులో కాంట్రాక్టరు కింద కూలీ. ఆయన ఉద్యోగం పర్మినెంటు కాదు, ఒంటి మీది బొగ్గు దుమ్ము మాత్రం పర్మినెంటు. తల్లి జోజమ్మ చర్చిలో పాటలకు ముందు నిలబడే మనిషి. బస్తీలో కొట్లాటలకు కూడా అదే గొంతు. ఈ ఇద్దరికీ పుట్టిన పిల్ల ఎంసెట్ రాసి, ఖమ్మంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ల సీటు తెచ్చుకుంది. మా ఊళ్ళో కంప్యూటర్ అంటే నా దుకాణంలో ఉన్నదే. దాని మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉంటుంది. బ్లెస్సీ చిన్నప్పటి నుంచి ఆ గుడ్డ ఎత్తి చూసిపోయేది. ఆ పిల్లకు కావలసింది పెద్దదేమీ కాదు. నాలుగేళ్ళు ఆ కాలేజీలో కూర్చోనిస్తే చాలు.

ఫారం నింపినవాడు ఫీల్డ్ ఆఫీసర్ ఆదినారాయణ. సత్తుపల్లి మనిషి, మాట మెత్తన. తండ్రీకూతుళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని గడి గడికీ చదివాడు.

"జాతి? ముర్రానా, నాటా?"

బెంజమిన్ కూతురి వైపు చూశాడు. కూతురు ఫ్యాను వైపు చూసింది.

"లోకలే గదా. నాటు అని రాయి" అన్నాడు అద్దాల గదిలోంచి మేనేజర్.

"కొమ్ములు?"

"ఇప్పటికైతే లేవు సార్" అన్నది బ్లెస్సీ. "మీ బ్యాంకు సుట్టు తిరిగినంక మొలుస్తయేమో."

ఆదినారాయణ 'లేవు' వరకు రాసుకున్నాడు. 'ఎన్నో ఈత', అంటే ఎన్నిసార్లు ఈనింది, అన్న గడి దగ్గర తల దించుకుని, అడగకుండా తానే అడ్డగీత కొట్టేశాడు. బ్యాంకుల్లో మానవత్వం లేదనేవాళ్ళు ఈ గీతను చూడాలి. నా దగ్గర కాపీ ఉంది.

"రోజుకు ఎన్ని లీటర్లమ్మా? అంటే, చదువులో."

"ఇంటర్ల తొంభై ఒకటి వచ్చింది."

ఆయన తొంభై ఒకటి వేశాడు. రోజుకు తొంభై ఒక్క లీటర్లు ఇచ్చేదాన్ని వదులుకోవద్దని, వెంటనే మంజూరు చేయమని పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

ఇక మిగిలినవి రెండే రెండు లాంఛనాలు. మొదటిది వైద్య ధ్రువీకరణ. ఫారంలో ఉన్నది పశువైద్యుడు గనక బ్లెస్సీని పశువుల దవాఖానాకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు పెద్దమనిషి. పిల్లకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, 'ఆరోగ్యంగా ఉంది, కళ్ళు చురుకు, మేత మామూలు' అని రాసి సంతకం పెట్టాడు. ఫీజు తీసుకోలేదు. మనుషులకు అక్కడ ఉచితమట.

రెండోది బీమా. బీమాకు చెవికి బిళ్ళ వేయాలి. ఇక్కడ జోజమ్మ అడ్డం తిరిగింది.

"మా సంఘంల కమ్మలే పెట్టుకోం సారూ! నా చెవులు సూడు, నా తల్లి చెవులు సూసినవా, బోసిగనే పోయినయ్. బంగారమే వద్దన్నోళ్ళం, మీ రేకుబిళ్ళ పెట్టుకుంటమా?"

మేనేజర్ మత విశ్వాసాలను గౌరవించే మనిషి. చెవులు బోసిగా ఉండటం తమ సంఘం ఆచారమేనని పాస్టరు ఆదాము గారి దగ్గర కాగితం తెప్పించుకుని, బిళ్ళను పిల్ల కాలేజీ బ్యాగుకు తగిలించడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చాడు. అట్లా మొదటి విడత మంజూరై, బ్లెస్సీ ఖమ్మం పోయి హాస్టల్లో చేరింది. బస్తీ అంతా బస్సు దాకా వచ్చి సాగనంపింది. బెంజమిన్ ఆ రోజు డ్యూటీ మానేసి, తెల్లచొక్కా వేసుకుని, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు.

ఇప్పుడు పాఠకులు ఒక ముఖ్యమైన నిబంధన తెలుసుకోవాలి. పాడి పథకంలో బ్యాంకు రెండు బర్రెలకు అప్పిస్తుంది, కానీ రెండూ ఒకేసారి ఇవ్వదు. మొదటి బర్రె కొన్న కొన్ని నెలలకు ఆఫీసర్ చెప్పకుండా ఇంటికి వస్తాడు. బర్రె బతికి ఉండి, ఇంటి దగ్గర కనబడితేనే రెండో బర్రెకు డబ్బులు. ఇది తెలివైన నిబంధన. ఎందుకంటే మా వైపు బర్రెలు అప్పు మంజూరైన మర్నాడే సంతకు పోయిన చరిత్ర ఉంది. విద్యా రుణంలో మొదటి బర్రె అంటే మొదటి సంవత్సరమనీ, రెండో బర్రె అంటే రెండో సంవత్సరమనీ బ్యాంకు అన్వయించుకుంది.

జనవరిలో ఆదినారాయణ మోపెడ్ వేసుకుని బెంజమిన్ ఇంటి ముందు ఆగాడు. జోజమ్మ బియ్యం చెరుగుతోంది.

"ఏదమ్మా?" అన్నాడు బండి దిగకుండానే.

"ఏది ఏంది సారూ? ఆయన సైడింగుకు పోయిండు."

"ఆయన కాదమ్మా. ఆయన రుణగ్రహీత. అప్పు దేనికి తీసుకున్నారో అది ఏది?"

జోజమ్మకు కొంచెం సేపటికి అర్థమైంది. "బ్లెస్సీనా? ఖమ్మంల ఉన్నది."

"ఖమ్మంలో ఎందుకుంది?"

"సదువుతాంది సారూ! మీరే గదా అప్పిచ్చింది?"

ఆదినారాయణ జాలిగా నవ్వాడు. "అందరూ ఇట్లాగే చెప్తారమ్మా. మేతకు పోయిందంటారు, అడవికి పోయిందంటారు, చుట్టాలింట్లో కట్టేశామంటారు. నేను కళ్ళతో చూస్తేనే రాయగలను."

"అయితే కాలేజీకి పోయి సూడుండ్రి."

"కాలేజీ మా శాఖ పరిధిలోకి రాదు."

పోతూ పోతూ ఆయన పెరట్లోకి తొంగి చూశాడు. అక్కడ మేక కట్టేసి ఉంది. విధి నిర్వహణలో లోపం ఉండకూడదని దాని చెవి పట్టుకుని చూశాడు. బిళ్ళ లేదు. నోటు పుస్తకంలో ఇట్లా రాసుకున్నాడు: 'విద్యార్థిని లేదు. అమ్ముకున్నట్లు అనుమానం. బదులుగా మేకను చూపబోయారు.'

నోటీసు వచ్చింది. విద్యార్థిని అమ్మకం ద్వారా వచ్చిన సొమ్మును వెంటనే జమ చేయాలనీ, అంతవరకు రెండో విడత నిలిపివేయడమైనదనీ దాని సారాంశం. బెంజమిన్ ఆ నోటీసుకు నా దగ్గర కాపీలు తీయించుకుని, సైడింగు నుంచి వచ్చిన నల్లటి ముఖంతోనే బ్యాంకులోకి పోయాడు. తోడుగా నేనూ పోయాను.

"సార్, కన్నబిడ్డను ఎవడన్న అమ్ముకుంటడా?"

"నేను నమ్ముత బెంజమిన్" అన్నాడు కుమారస్వామి గారు. "కానీ ఫైలు నమ్మాలె గదా."

"మీ సారు ఎప్పుడొస్తడో చెప్పుండ్రి. ఆ దినం రప్పిస్త."

"చెప్పి వస్తే అది తనిఖీ ఎట్లయితదయ్యా? సుట్టపుసూపు అయితది."

"అట్లయితే దినాం ఇంట్లనే ఉంచాల్నా?"

"ఉంచమని నేనంటలేను. ఉన్నప్పుడు సూస్తమంటున్న."

"ఇంట్ల ఉంటె సదువు ఎట్ల సాగుతది సార్?"

మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "సూడు బెంజమిన్. మేం అప్పిచ్చింది పిల్ల సదువుకోనీకె. ఊర్లు పట్టుకొని తిరగనీకె కాదు."

బెంజమిన్‌ నోటీసు కాపీలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇటు కాలేజీకి కూడా నిబంధనలు ఉన్నాయి. (నిబంధనలు లేకపోతే కాలేజీకీ సంతకూ తేడా ఏముంది?) వచ్చే ఏడాది ఫీజు ముందుగా కట్టినవాళ్ళకే ఈ ఏడాది హాల్ టికెట్ అన్నారు. తరగతులకు సరిపడా రోజులు హాజరు కానివాళ్ళకు ఫీజు కట్టినా హాల్ టికెట్ లేదన్నారు. కనుక పరీక్ష రాయాలంటే బ్లెస్సీ డబ్బు కోసం ఇంట్లో కనబడాలి, హాజరు కోసం కాలేజీలో కనబడాలి. రెండూ ఒకే వేళల్లో, ఆదివారం సెలవు.

బెంజమిన్ ఎస్టీడీ బూత్ నుంచి హాస్టల్‌కు ఫోన్ చేసి కూతుర్ని రమ్మన్నాడు. ఆమె వచ్చి వాకిట్లో కుర్చీ వేసుకుని, బ్యాంకు బిళ్ళ ఉన్న బ్యాగు పక్కన పెట్టుకుని, పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఆదినారాయణ రాలేదు. ఆయన మోపెడ్ రిపేరుకు పోయిందట. జోజమ్మ ఆ వారం బస్తీ కూడికలో ఫీల్డ్ ఆఫీసర్ రాక కోసం ప్రత్యేక ప్రార్థన చేయించింది. ప్రభువు రాకడ కోసం చేసే ప్రార్థన కంటే అది పొడుగ్గా ఉందని ఆదాము గారు కొంచెం నొచ్చుకున్నారు. వారం చూసి చూసి బ్లెస్సీ సోమవారం పొద్దున మొదటి బస్సుకు ఖమ్మం పోయింది. మధ్యాహ్నం మోపెడ్ వచ్చింది.

ఇట్లా మళ్ళీ జరిగింది. మళ్ళీ కూడా జరిగింది. ఆయన కావాలని చేసేవాడు కాదు. ఆయనకు బ్లెస్సీ మీద ఏ కోపమూ లేదు, ఒకసారి జామపండ్లు కూడా ఇచ్చిపోయాడు, పిల్ల వస్తే పెట్టమని. కాలేజీలో మాత్రం ఆమె పేరు ఎదురుగా గైర్హాజరు గీతలు పెరుగుతున్నాయి.

ఇంత కష్టం ఎందుకు పడుతున్నారో తండాలో రామ్‌సింగ్‌కు అర్థం కాలేదు. రామ్‌సింగ్‌కు రాణి అనే బర్రె ఉండేది. బస్తీలో, తండాలో ఎవరింటికి తనిఖీ వచ్చినా రాణినే చూపించేవాళ్ళు. అది తప్పని ఎవరికీ తోచదు; పక్కింట్లో పంచదార అడిగినట్టే బర్రెనూ అడిగేవాళ్ళు. రాణికి కూడా అలవాటైపోయి, మోపెడ్ చప్పుడు వింటే చాలు, లేచి ఆ రోజు ఎవరింటి వంతో ఆ ఇంటికి తానే నడిచిపోయేది. బిళ్ళలు మార్చి మార్చి దాని చెవి జల్లెడైంది.

"బెంజమినన్నా, సారు అడిగింది ఒక ఆడపిల్లను. ఒక ఆడపిల్లను సూపియ్యి" అన్నాడు రామ్‌సింగ్. "మా బిడ్డ మోతీ లేదా? ఇంట్లనే ఉంటది. మీ పిల్లా మా పిల్లా ఒక్క ఈడోళ్ళే."

"మనిషిని గట్ల మారుస్తరా రామ్‌సింగూ!" అని బెంజమిన్ కోప్పడ్డాడు. ఆయన నిజాయితీపరుడు. కానీ మోపెడ్ వచ్చిన రోజు ఆయన సైడింగులో ఉన్నాడు.

ఇంట్లో ఉన్నది జోజమ్మ. మోపెడ్ చప్పుడు వినబడగానే బర్రెల కాలం నాటి అలవాటు ఆమెను పట్టుకుంది. మెదడు ఆలోచించక ముందే నోరు కేకేసింది: "మోతీ! ఓ మోతీ! జల్దీ ఉరికిరాయే!"

మోతీ తడి చేతులతోనే రోడ్డు దాటి వచ్చి, బ్లెస్సీ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుంది. తిరగేసి పట్టుకుందని జోజమ్మ సైగ చేస్తే సరిచేసుకుంది.

"హమ్మయ్య, కనబడ్డావా తల్లీ" అన్నాడు ఆదినారాయణ. ఆయనకు నిజంగానే సంతోషమైంది. ఫారం నింపిన రోజు ఆయన చూసింది గడులను, పిల్ల ముఖాన్ని కాదు. "పేరు?"

"బ్లెస్సీ సార్."

"ఏం చదువుతున్నావు?"

"కంప్యూటర్ల ఇంజనీరింగ్."

"బాగా చదువుతున్నావా?"

"పంపిస్తే సదువుత సార్" అన్నది మోతీ.

ఆదినారాయణ ఆ జవాబును పట్టించుకోలేదు. కెమెరా తీసి పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి ఫోటోలు తీసుకుని, 'ఆరోగ్యంగా ఉంది' అని రాసుకుని పోయాడు. ఆయన పోయినా మోతీ కుర్చీలోంచి లేవలేదు. ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న పిల్ల అది. ఎండాకాలం బీడీల తునికాకు కోయడానికి పోయేది.

"పెద్దమ్మా, నాకు గూడ అప్పిస్తరా వీళ్ళు?" అని అడిగింది పుస్తకంలో బొమ్మలు చూస్తూ.

జోజమ్మ పిల్ల చేతిలో రెండు జామపండ్లు పెట్టి ఇంటికి పంపింది.

బర్రెల ఫైళ్ళలో పాత ఫోటోనూ కొత్త ఫోటోనూ ఎవరూ పోల్చి చూడరు. అన్నీ నల్లగానే ఉంటాయి. కానీ ఇది శాఖలో ఒకే ఒక్క విద్యా రుణం గనక, మేనేజర్ దానిని ముచ్చటగా తిరగేసేవాడు. అట్లా తిరగేస్తుంటే మొదటి పేజీలో ఒక పిల్ల, చివరి పేజీలో ఇంకో పిల్ల కనబడ్డారు. బెంజమిన్ను పిలిపించాడు; నేనూ వెంట పోయాను. బెంజమిన్ ఫోటో చూసి, తల వంచుకుని, "మా ఆడామె చేసింది సార్, తప్పయింది" అన్నాడు. ఆ మనిషి ఒకరి ముందు తల వంచగా చూడటం నాకదే మొదటిసారి.

కుమారస్వామి గారు మండిపడలేదు. ఆయన నిబంధనల మనిషి. నిబంధనల్లో దారి వెతికాడు.

"మార్పిడికి వీలున్నది బెంజమిన్. మొదటిది పోతే, దానికి బదులు అంత పాడి ఇచ్చేదాన్నే ఇంకొకదాన్ని తెచ్చుకోవచ్చు. ఈ పిల్లకు ఇంటర్ల ఎంత?"

"అరవై అన్నరు సార్."

"పాడి తక్కువ" అని పెదవి విరిచాడు. "అదీగాక మొదటిది పోయినట్టు పోస్టుమార్టం కాగితం కావాలె."

కనుక మోతీ పనికిరాలేదు. బ్యాంకును మోసం చేయబోయినందుకు కొత్త షరతు పడింది. ఇక మీదట మూడు ఆకస్మిక తనిఖీల్లో అసలు విద్యార్థినే ఇంటి దగ్గర కనబడాలి. అప్పుడే రెండో విడత.

ఈ కబురు విని బ్లెస్సీ ఖమ్మం నుంచి వచ్చింది. ఇంటికి పోలేదు. బస్సు దిగి తిన్నగా బ్యాంకులోకే నడిచింది. ఆమె ముఖం చూసి నేను మిషన్ ఆపి వెనకే పోయాను.

"సార్, ఒక్క ముచ్చట చెప్పుండ్రి. ఇంట్ల ఉంటె నేను కాలేజీల ఉండ. కాలేజీల ఉంటె ఇంట్ల ఉండ. మీకు సదువుకునే పిల్ల కావాల్నా, ఇంట్ల ఉండే పిల్ల కావాల్నా?"

కుమారస్వామి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, నువ్వు అడిగిందాంట్ల నూటికి నూరుపాళ్ళు న్యాయమున్నది. నా బిడ్డ గూడ హన్మకొండల సదువుతాంది. కానీ ఫారంల 'కట్టివేయు స్థలం' అని గడి ఉన్నది. అక్కడ మీ నాయిన నల్లచెలక అని రాసిండు. ఖమ్మం అని రాయలే."

"ఇప్పుడు రాస్త."

"రాస్తె ఫైలు ఖమ్మం శాఖకు పోతది. పట్నంల బర్రెలకు అప్పులియ్యరు తల్లీ. అక్కడ మేత ఉండదు."

బ్లెస్సీ మొదట పెద్దగా నవ్వింది. నవ్వుకుంటూనే బయటికి వచ్చి, నా దుకాణం బల్ల మీద కూర్చుని, ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నాకు సదువుకోవాలని ఉన్నది అన్నా. గంతే. దొంగతనం జేసిన్నా, ఏం జేసిన? మా క్లాసుల అందరికంటె ముందల ప్రోగ్రాం రాసిన నేను" అన్నది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. మేనేజర్ తన టిఫిన్లోంచి పిల్లకు అరటిపండు పంపించాడు. అటువంటి మనిషిని ఏమని తిడతాం?

తండ్రీకూతుళ్ళు ఆ సాయంత్రం కూర్చుని ఆలోచించారు. పరీక్షలకు ఇంకా టైమున్నది, నాలుగు రోజులు ఇంట్లో ఉండి తనిఖీలు మూడూ కానిచ్చేస్తే, హాజరు ఎట్లాగో సర్దుకోవచ్చని బ్లెస్సీ లెక్క వేసింది. తోటి పిల్లలు నోట్సు బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపేవాళ్ళు, నేను కాపీలు తీసి ఇచ్చేవాణ్ణి. మొదటి తనిఖీ మర్నాడే అయిపోయింది. రెండోది ఆ వెంటనే అయింది. ఆదినారాయణ ఆమెను చూసి, మేకను చూసి, ఇద్దరినీ వేర్వేరుగా నమోదు చేసుకున్నాడు.

మూడోది రాలేదు. మార్చి వచ్చింది గనక బ్యాంకు సిబ్బంది అంతా వసూళ్ళ మీద అడవి ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నారు. బ్లెస్సీ వాకిట్లో కూర్చుని చదువుతూనే ఉంది. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా తల ఎత్తేది. జోజమ్మ బిడ్డను బావి దగ్గరికి కూడా పోనిచ్చేది కాదు, ఆ కాసేపట్లో సారు వచ్చి పోతాడేమోనని. "పోనీ కాలేజీకి పోతనే అమ్మా" అని బ్లెస్సీ లేవడం, "ఇన్ని దినాలు ఆగినం, రేపు రాకపోతడా" అని తల్లి కూర్చోబెట్టడం. బెంజమిన్ డ్యూటీ నుంచి వచ్చి రోజూ వాకిట్లో ఒకే మాట అడిగేవాడు: "వచ్చిండా?"

కాలేజీ నుంచి కార్డు వచ్చింది. హాజరు తక్కువైనందున పరీక్షకు అనుమతించడం లేదనీ, వచ్చే ఏడాది మళ్ళీ మొదటి సంవత్సరం ఫీజు కట్టి, మొదటి సంవత్సరంలోనే చేరవచ్చనీ ఉంది. బెంజమిన్ పరుగున ఖమ్మం పోయాడు. జబ్బు చేసిందని డాక్టరు సర్టిఫికెట్ ఉంటే చూస్తామన్నాడు అక్కడి గుమాస్తా. బెంజమిన్ దగ్గర ఉన్న ఒకే ఒక్క డాక్టరు సర్టిఫికెట్ తీసి ఇచ్చాడు. ఆరోగ్యంగా ఉందని రాసి ఉన్నందున అది చెల్లదని గుమాస్తా తిరిగి ఇచ్చేశాడు. మేత సంగతి ఆయన చదివినట్టు లేదు.

మళ్ళీ మొదటి సంవత్సరం ఫీజుకు అప్పు ఇమ్మని బ్యాంకులో అడిగితే, ఒకే బర్రెను రెండుసార్లు కొనడానికి నిబంధన లేదన్నారు.

పరీక్షలు మొదలైన రోజు బ్లెస్సీ పొద్దున్నే తలస్నానం చేసి, పరీక్షకు పోయేదానిలాగే తయారై, వాకిట్లో కుర్చీలో కూర్చుంది. మోతీ వచ్చి పక్కన కింద కూర్చుంది. జోజమ్మ లోపల ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, పొయ్యి ముందు కూలబడి బ్యాంకును, కాలేజీని, సర్కారును, బర్రెలను వరుసగా తిట్టింది. బస్తీలో ఎవరూ అడ్డం చెప్పలేదు.

జూన్లో మోపెడ్ వచ్చింది. బ్లెస్సీ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. బెంజమిన్ నైట్ డ్యూటీ దిగి వాకిట్లో మంచం మీద ఉన్నాడు. నేను పాత బాకీ అడుగుదామని పోయి, అడగలేక అరుగు మీద కూర్చున్నాను.

ఆదినారాయణ ముఖం వెలిగిపోయింది. "మూడోది కూడా అయిపోయింది" అని అక్కడే నోటు పుస్తకం తీసి రాశాడు: 'విద్యార్థిని ఇంటి వద్దనే ఉన్నది. సంతృప్తికరం.' తర్వాత జేబులోంచి కవరు తీశాడు. రెండో సంవత్సరం ఫీజుకు కాలేజీ పేరు మీద తీసిన డిమాండ్ డ్రాఫ్టు. ఆలస్యమైందని మేనేజర్ గారు ముందే సంతకం పెట్టి, చేతికే ఇచ్చి రమ్మన్నారట. జిల్లాలో విద్యా రుణం తీసుకున్న విద్యార్థిని వంద శాతం ఇంటి దగ్గర దొరికిన శాఖ ఇదొక్కటేనని పై ఆఫీసు మెచ్చుకుందట. ఈ ఏడు ఇంకా ఐదుగురికి ఇమ్మన్నారట.

బెంజమిన్ కవరు అందుకోలేదు. బ్లెస్సీ చేతుల తవుడు దులుపుకుని లేచి నిలబడింది.

"సార్, నేను రెండో సంవత్సరంల లేను. మొదటిదాంట్లనే ఆపేసిండ్రు. ఇప్పుడు కాలేజీల నా పేరే లేదు."

"అది కాలేజీవాళ్ళ విషయమమ్మా" అన్నాడు ఆదినారాయణ, ఎంతో ఆప్యాయంగా, కవరును ఆమె చేటలో బియ్యం మీద పెడుతూ. "మన రికార్డు బాగుంది. ఇట్లాగే ఎప్పుడూ ఇంటి దగ్గరే ఉండు తల్లీ, మూడో విడతకు ఏ ఇబ్బందీ ఉండదు."